అట్లాస్ సైకిళ్ళు: సోనీపత్‌లో ఎదిగిన తీరు, సాహిబాబాద్‌లో ఆగిన తీరు

కృష్ణాతీరం రాశారు:

పోయిన వారం పాత మోటారు సైకిళ్ళ చర్చలో ఒక సభ్యులు "హీరో హోండా వచ్చింది, అట్లాస్ పోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాటకు అక్కడే అడ్డు చెప్పనందుకు నాకే చిన్నతనంగా ఉండి, ఈ విడి చర్చను మొదలుపెడుతున్నాను. మా మేనమామ తెనాలిలో చాలా కాలం సైకిల్ షాపు నడిపారు. వేసవి సెలవులలో అక్కడ కూర్చుని ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 చొప్పున పుల్లలు లెక్కపెట్టి కట్టలు కట్టడం తప్ప నాకు ఈ పరిశ్రమతో ప్రత్యక్ష సంబంధం లేదు. కనుక పొరపాట్లుంటే పెద్దలు సరిదిద్దవలసిందిగా మనవి.

జానకీదాస్ కపూర్ 1951లో సోనీపత్‌లో ఒక రేకుల షెడ్డులో అట్లాస్‌ను ప్రారంభించారు. హర్యానా రాష్ట్రం 1966లో గాని ఏర్పడలేదు కాబట్టి, ఆనాటి సోనీపత్ పంజాబు రాష్ట్రంలో, ఢిల్లీ నుంచి అంబాలా వెళ్ళే రైలు మార్గం మీద ఉన్న ఒక మామూలు ఊరు. ఏడాది తిరిగేసరికి ఆ రేకుల షెడ్డు స్థానంలో 25 ఎకరాల కర్మాగారం వెలిసింది. మొదటి సంవత్సరమే 12,000 సైకిళ్ళు బయటికి వచ్చాయి. 1958లో తొలి విడత సైకిళ్ళు విదేశాలకు వెళ్ళాయి. 1965 నాటికి దేశంలో అందరికంటే ఎక్కువ సైకిళ్ళు తయారుచేసే సంస్థ అదే అయింది. 1978లో మన దేశంలో మొదటి రేసింగ్ సైకిలును తెచ్చింది కూడా ఈ సంస్థే. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలకు అధికారికంగా సైకిళ్ళు ఇచ్చింది కూడా అట్లాసే.

తరువాతి వరుస చూడండి. గ్వాలియర్ దగ్గరి మాలన్‌పూర్ కర్మాగారం 2014లో మూతపడింది. సోనీపత్ కర్మాగారం 2018లో ఆగిపోయింది. చివరిగా మిగిలిన, ఢిల్లీ పక్కన ఘాజియాబాద్ వైపు ఉన్న సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న ఆగింది. అంటే ఆరేళ్ళలో మూడూ ఆగిపోయాయి. మోటారు సైకిలే దీనికి కారణమైతే, అదే మోటారు సైకిలు లూధియానాలోని హీరో సైకిల్స్‌నూ, ఏవన్‌నూ, మద్రాసులోని టీఐ సైకిల్స్‌నూ ఎందుకు మూయించలేకపోయింది? నా ప్రశ్న ఇంతే.

లెక్కల మాస్టారు రాశారు:

మంచి ప్రశ్న వేశారు. జనాభా లెక్కలు మీ అనుమానాన్ని బలపరుస్తున్నాయి. 2001 లెక్కల ప్రకారం దేశంలో సైకిలున్న కుటుంబాలు 43.7 శాతం, 2011లో అవి 44.8 శాతం. అదే పదేళ్ళలో స్కూటరో మోటారు సైకిలో మోపెడో ఉన్న కుటుంబాల వాటా 11.7 శాతం నుంచి 21 శాతానికి పెరిగింది. మోటారు బండ్లు ఇంచుమించు రెట్టింపైన కాలంలోనే సైకిలున్న ఇళ్ళ వాటా తగ్గలేదు సరికదా, ఒక శాతానికి పైగా పెరిగింది.

అయితే ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. ఇంట్లో సైకిలు ఉన్నదా అని అడిగారే గాని, దాన్ని ఎప్పుడు కొన్నారు, ఎవరు తొక్కుతున్నారు అని అడగలేదు. మా ప్రకాశం జిల్లా పల్లెల్లో నేను పనిచేసినంత కాలంలో గమనించిన మార్పు ఏమిటంటే, మొదట్లో సైకిలు ఇంటి యజమానిది, ఆయన పొలానికీ సంతకూ దాని మీదనే వెళ్ళేవారు. చివరి సంవత్సరాలకు ఆయన మోటారు సైకిలు ఎక్కారు, సైకిలు బడికి వెళ్ళే పిల్లలది అయింది. కొనేవారి సంఖ్య తగ్గకపోయినా కొనే మనిషి మారిపోయాడు. అరవై కిలోల వడ్లబస్తా మోయగల నల్ల సైకిలు పదమూడేళ్ళ అమ్మాయికి ఎందుకు? నా ఉద్దేశంలో ఈ మార్పును ఎవరు ముందుగా గమనించారన్నదే అసలు విషయం.

పాత ఫిట్టరు రాశారు:

మాస్టారు గారికి నమస్కారం. నేను వరంగల్‌లో ముప్పై ఏళ్ళకు పైగా సైకిళ్ళు బిగించాను, కాబట్టి పానా పట్టినవాడిగా నాకు కనిపించింది చెబుతాను.

ఆ రోజుల్లో కంపెనీ నుంచి సైకిలు సైకిలుగా వచ్చేది కాదు. ఫ్రేములు గడ్డి చుట్టుకొని ఒక కట్టగా, రిమ్ములు ఒక కట్టగా, హబ్బులు, ఫ్రీవీళ్ళు, పెడళ్ళు పెట్టెల్లో వచ్చేవి. పుల్లలు అల్లడం, బెండు తీయడం, బాల్స్‌కు గ్రీజు పెట్టి కోను బిగించడం, బ్రేకు కడ్డీలు సరిచేయడం అంతా షాపులో మా పనే. చేయి తిరిగిన ఫిట్టరు బిగించిన సైకిలు ఇరవై ఏళ్ళు చప్పుడు లేకుండా తిరిగేది, తిరగని చేయి బిగించినది ఆరు నెలలకే ఓవరాయిలింగుకు వచ్చేది. ఈ రెంటికీ పేరు మాత్రం కంపెనీకే పోయేది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. అట్లాస్ అయినా, హీరో అయినా, టీఐ వారి హెర్క్యులిస్ అయినా 28 అంగుళాల చక్రాల నల్ల సైకిలు మూలాన ఇంగ్లీషువాళ్ళ నమూనాయే. ఒకదాని రిమ్ము ఇంకొకదానికి ఎక్కుతుంది. ఒకదాని చైను ఇంకొకదానికి సరిపోతుంది. రైతులకు ఇది గొప్ప వరం, ఎందుకంటే ఏ ఊళ్ళోనైనా సామాను దొరికేది. కంపెనీకి మాత్రం ఇది చిక్కు. పదేళ్ళు తొక్కాక ఆ సైకిలు మీద కంపెనీది అని చెప్పుకోవడానికి ఫ్రేమూ, ముందరి బిళ్ళా తప్ప ఏమీ మిగలవు. సామాను అంతా ఒకటే అయినప్పుడు మా దగ్గరికి వచ్చే రైతు ఏమి అడుగుతాడు? యాభై రూపాయలు ఎక్కడ తక్కువ అని అడుగుతాడు. అట్లాస్ ఫ్రేముకు మా దగ్గర మంచి పేరే ఉండేది, నేను ఈనాటికీ దాన్ని కాదనను. కానీ ఆ పేరు మీద యాభై రూపాయలు ఎక్కువ తీసుకోవడం షాపువాడికి ఏటేటా కష్టమయింది.

రైలుకట్ట రాశారు:

చర్చ సోనీపత్ గురించే అయినా, దీనికి తూర్పున ఒక అన్న ఉన్నాడు. అతడి కథ తెలిస్తే అట్లాస్ సంగతి ఇంకా తేటపడుతుందని రాస్తున్నాను. మా నాన్నగారు రైల్వే ఉద్యోగి. ఖరగ్‌పూర్‌లో కొంతకాలం, ఆసన్‌సోల్‌లో కొంతకాలం పనిచేశారు. ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు ఎన్ని ఉండేవో ఇక్కడ చాలామందికి తెలిసిందే.

ఆసన్‌సోల్ పక్కన కన్యాపూర్‌లో సేన్-ర్యాలీ కర్మాగారం ఉండేది. కలకత్తాకు చెందిన సుధీర్ కుమార్ సేన్, నాటింగ్‌హామ్‌లోని ర్యాలీ కంపెనీతో కలిసి 1950ల ఆరంభంలో దీన్ని నెలకొల్పారు. మన ఊళ్ళలో పెద్దలు "ర్యాలీ సైకిలు", "హంబర్ సైకిలు" అని గొప్పగా చెప్పుకున్నవాటిలో చాలా భాగం అక్కడివే. పెళ్ళిలో అల్లుడికి ర్యాలీ సైకిలూ, చేతి గడియారమూ పెట్టారంటే ఊరంతా చెప్పుకొనే కాలం అది. అటువంటి కంపెనీ నష్టాలలో కూరుకుపోతే కేంద్ర ప్రభుత్వం 1980లో చట్టం చేసి, బొంబాయిలోని హింద్ సైకిల్స్‌తో పాటు దాన్ని జాతీయం చేసింది. ఆసన్‌సోల్‌ది సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అయింది, బొంబాయిది నేషనల్ బైసికిల్ కార్పొరేషన్ అయింది. పేర్లు పెద్దవయ్యాయి గాని ఉత్పత్తి కోలుకోలేదు. రెండూ చివరికి మూతపడ్డాయి.

అంటే హీరో హోండా తొలి బండి 1985లో రోడ్డు ఎక్కడానికి ముందే, దేశంలో పేరుమోసిన రెండు సైకిల్ కంపెనీలు సర్కారు పంచన చేరాయి. ఆ కాలంలో అట్లాస్ మాత్రం ఆసియా క్రీడలకు సైకిళ్ళు ఇస్తున్నది. కాబట్టి మోటారు సైకిలు ఒక్కదాని మీదనే నేరం మోపడం కాలక్రమం చూసినా నిలవదు.

కృష్ణాతీరం రాశారు:

రైలుకట్ట గారూ, ఈ కోణం నాకు తట్టనే లేదు, ధన్యవాదాలు. ఫిట్టరు గారు చెప్పిన "సామాను అంతా ఒకటే" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మూడు రోజులుగా అదే ఆలోచన.

సామాను అంతా ఒకటే అయితే, ఆ సామాను ఎవరి పక్కన చవకగా తయారవుతుందో వారిదే పైచేయి. లూధియానాలో జరిగింది ఇదే. ముంజాల్ సోదరులు విభజనకు ముందు నేటి పాకిస్థాన్‌లో ఉన్న కమాలియా నుంచి వచ్చి, మొదట సైకిలు విడిభాగాల వ్యాపారం చేసి, 1956లో హీరో సైకిల్స్ ప్రారంభించారు. మొదటి ఏడు వారు చేసినవి 639 సైకిళ్ళు. అట్లాస్ మొదటి ఏడు చేసిన 12,000తో పోల్చండి! పెద్ద కర్మాగారం కట్టి అన్నీ తామే చేసుకోవడం కంటే, ఊరంతా పరుచుకున్న చిన్న చిన్న కార్ఖానాల నుంచి భాగాలు తెప్పించుకుని బిగించడం మీదనే వారు ఎక్కువగా ఆధారపడ్డారు. సైకిలు భాగాలలో చాలావాటిని ప్రభుత్వం చిన్నతరహా పరిశ్రమలకు కేటాయించడం కూడా ఆ ఊరికి కలిసివచ్చింది. పొద్దున వచ్చిన హబ్బులు సాయంత్రానికి బిగింపుకు వెళ్ళిపోతుంటే గోదాములో డబ్బు ముడిపడి ఉండదు. 1986లో హీరో ప్రపంచంలోనే అతిపెద్ద సైకిల్ తయారీదారుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

సోనీపత్ నుంచి లూధియానా మరీ దూరమేమీ కాదు. కానీ ఈ వ్యాపారంలో లాభం సైకిలుకు కొద్ది రూపాయలే అయినప్పుడు, లారీ కిరాయీ, నెల రోజుల ముందే సరుకు తెచ్చి నిల్వ పెట్టుకోవలసిన అవసరమూ ఆ కొద్ది రూపాయలను మింగేస్తాయి. అట్లాస్ ఓడిపోయింది ఒక కంపెనీ చేతిలో కాదు, ఒక ఊరి చేతిలో అని నాకు అనిపిస్తున్నది.

ఇనుప గుఱ్ఱం రాశారు:

మీ వాదనతో సగమే ఏకీభవిస్తాను, ఎందుకంటే టీఐ సైకిల్స్ లూధియానాలో లేదు. 1949లో మురుగప్ప కుటుంబం ఇంగ్లండుకు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి మద్రాసు దగ్గర అంబత్తూరులో పెట్టిన కంపెనీ అది. లూధియానాకు సోనీపత్ కంటే ఎన్నో రెట్లు దూరం. అయినా బతికింది. ఎలా బతికింది? నల్ల సైకిలు పోటీలో లూధియానాను గెలవడం కుదరదని గ్రహించి, రంగు సైకిళ్ళ వైపు, పిల్లల సైకిళ్ళ వైపు, గేర్ల సైకిళ్ళ వైపు జరిగింది. నేను హైదరాబాదులో చదువుకున్న రోజుల్లో కాలేజీ స్టాండులో టీఐ వారి బీఎస్‌ఏ ఎస్‌ఎల్‌ఆర్ సైకిలు ఉన్నవాడికి ఉన్న దర్జా ఇప్పుడు చెప్పినా ఎవరికీ అర్థం కాదు. బరువు తక్కువ, చూడటానికి సన్నగా ఉండేది.

నాకు బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఈ దారి అట్లాస్‌కు అందరికంటే ముందు తెలుసు. దేశంలో మొదటి రేసింగ్ సైకిలు 1978లోనే తెచ్చారు కదా. ఆసియా క్రీడల పేరు కూడా చేతిలో ఉంది. దాన్ని ఆధారం చేసుకుని ఖరీదైన సైకిళ్ళ వ్యాపారాన్ని పెంచుకుని ఉంటే, 2000 తరువాత నగరాల్లో ఆరోగ్యం కోసం సైకిలు తొక్కేవారు పుట్టుకొచ్చినప్పుడు ఆ అంగడి వారిదే అయ్యేది. చివరికి ఆ అంగడిలో గట్టిగా నిలబడిన ఫైర్‌ఫాక్స్ సైకిళ్ళ కంపెనీని 2015లో హీరో కొనేసింది. అట్లాస్ కూడా గేర్ల సైకిళ్ళు, పిల్లల సైకిళ్ళు చేయకపోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ జనం మనసులో ఆ పేరు నల్ల సైకిలు దగ్గరే నిలిచిపోయింది. అట్లాస్ గోల్డ్‌లైన్ అంటే ఇప్పటికీ మనకు గుర్తొచ్చేది ఆ నల్ల సైకిలే కదా?

లెక్కల మాస్టారు రాశారు:

ఇనుప గుఱ్ఱం గారి మాటకు కొనసాగింపుగా, ఎవరూ ఎత్తని ఒక విషయం చెప్పాలి. బడిపిల్లలకు ప్రభుత్వాలు ఇచ్చే సైకిళ్ళ సంగతి అది. గత ఇరవై ఏళ్ళలో మన దేశంలో సైకిళ్ళు కొనే అతిపెద్ద ఆసామి రైతూ కాదు, పాలవాడూ కాదు, రాష్ట్ర ప్రభుత్వమే. తమిళనాడు, పశ్చిమ బెంగాల్ వంటి రాష్ట్రాలు లక్షల సంఖ్యలో కొని పంచాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు "బడికొస్తా" పేరుతో ఇచ్చారు.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. బీహారు 2006లో మొదలుపెట్టిన పథకంలో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిలు కొనుక్కోమని 2,000 రూపాయలు చేతికి ఇచ్చారు. అప్పుడు తండ్రీ కూతురూ షాపుకు వెళ్ళి, నచ్చిన కంపెనీది ఎంచుకున్నారు. షాపువాడికీ, కంపెనీకీ డబ్బు వెంటనే వచ్చింది. రెండో పద్ధతి టెండరు. అందులో ఎవరు తక్కువ ధర వేస్తే వారికే సరఫరా. కంపెనీ ముందు ఉక్కు కొనాలి, భాగాలు కొనాలి, మండలం మండలానికీ సరుకు చేరవేసి, అక్కడ ఫిట్టర్ల చేత బిగింపించి, తనిఖీ అయ్యాక బిల్లు పెట్టి ఎదురుచూడాలి. మా బడికి ఒకసారి వచ్చిన సైకిళ్ళను (ఏ కంపెనీవో చెప్పను, చెప్పవలసిన అవసరమూ లేదు) మధ్యాహ్న భోజనం షెడ్డులో మూడు వారాలు ఉంచి, బిగించేవాళ్ళ కోసం మేమే ఫోన్లు చేశాము. ఆ మూడు వారాలూ ఆ కంపెనీకి బిల్లు మొదలుకాని రోజులే కదా అని ఇప్పుడు తడుతున్నది.

పెట్టుబడి దండిగా ఉన్న కంపెనీకి టెండరు వల్ల యంత్రాలు ఖాళీగా ఉండవు. చేతిలో డబ్బు ఆడని కంపెనీకి మాత్రం అది అప్పు మీద అప్పు. బయటి నుంచి చూస్తే లక్షల సైకిళ్ళ ఆర్డరు, లోపల చూస్తే జీతాల రోజుకు వెతుకులాట. ఏటా 40 లక్షల సైకిళ్ళు చేసే సత్తా ఉన్నదని పేరుపడిన సంస్థ ముడిసరుకుకు డబ్బు లేదని గేటుకు కాగితం అంటించే స్థితికి రావడం వెనుక ఇటువంటిదే ఏదో ఉండి ఉంటుందని నా ఊహ. ఊహ అనే అంటున్నాను, గమనించండి.

యమునా ఆవల రాశారు:

చాలా రోజులుగా ఈ వేదికలో చదివేవాడినే గాని రాసేవాడిని కాదు. మాస్టారు గారు గేటుకు అంటించిన కాగితం అనగానే రాయక తప్పలేదు. మాది పశ్చిమ గోదావరి. ఉద్యోగరీత్యా ముప్పై ఏళ్ళకు పైగా ఘాజియాబాద్ వైపే ఉంటున్నాను. సాహిబాబాద్ కర్మాగారం ముందు నుంచి నేను కొన్ని వందలసార్లు వెళ్ళి ఉంటాను.

మొదట ఒక చిన్న సవరణ. 2020 జూన్ 3న అంటించినది మూసివేత నోటీసు కాదు, లే-ఆఫ్ నోటీసు. ఈ రెండూ ఒకటి కావు. లే-ఆఫ్ అంటే ఉద్యోగం పోయినట్టు కాదు. పని ఇవ్వలేకపోతున్నాము, హాజరు వేసుకుని వెళ్ళండి, చట్టప్రకారం మూలవేతనమూ కరువు భత్యమూ కలిపిన దానిలో సగం పరిహారంగా వస్తుంది అని అర్థం. కొన్నేళ్ళుగా నష్టాలలో ఉన్నామనీ, ముడిసరుకు కొనడానికి కూడా డబ్బు లేదనీ ఆ నోటీసులో రాశారు. లాక్‌డౌన్ సడలించాక జూన్ 1, 2 తేదీల్లో కార్మికులు పనిలోకి వచ్చారు. మూడో రోజు పొద్దున వచ్చేసరికి గేటు దగ్గర ఈ కాగితం కనిపించింది. దాదాపు 1,000 మందికి సంబంధించిన విషయం అది. ఐక్యరాజ్యసమితి జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినంగా ప్రకటించి అప్పటికి రెండేళ్ళే అయింది. ఈ కాకతాళీయాన్ని అప్పట్లో పలు పత్రికలు ఎత్తి చూపాయి. గేటు బయట నిలబడినవాళ్ళకు మాత్రం అది ఏ దినమైతే ఏమిటి?

నన్ను ఇంకా కలచివేసేది వేరే ఉంది. బస్సులూ మెట్రోలూ ఆగిపోవడంతో, వ్యాయామశాలలు మూతపడటంతో, సరిగ్గా ఆ తరువాతి నెలల్లోనే దేశంలో సైకిళ్ళకు గిరాకీ విపరీతంగా పెరిగింది. మా కాలనీ పక్కనున్న షాపులో పిల్లల సైకిలుకు ముందుగా డబ్బు కట్టి వారాలు ఆగవలసి వచ్చింది. మోటారు సైకిలే కారణమా అన్న కృష్ణాతీరం గారి మొదటి ప్రశ్నకు అంతకంటే గట్టి జవాబు లేదనుకుంటాను.

ఇనుప గుఱ్ఱం రాశారు:

కార్మికుల గొడవలే కంపెనీని ముంచాయని కొందరు అంటారు కదా, దాని మీద మీ అభిప్రాయం ఏమిటి, యమునా ఆవల గారూ?

యమునా ఆవల రాశారు:

నేను అటువైపు ఉద్యోగిని కాను కాబట్టి లోపలి విషయాలు చెప్పలేను, చెప్పకూడదు కూడా. అయితే రెండు రోజులు పనికి వచ్చి మూడో రోజు కాగితం చూసినవాళ్ళను గొడవ చేసినవాళ్ళు అనడానికి నాకు నోరు రాదు. ఇంతకంటే ఈ విషయంలో నన్ను లాగకండి.

పాత ఫిట్టరు రాశారు:

సార్లందరూ పెద్ద లెక్కలు చెప్పారు, నాకు చాలా తెలిసింది. ఊరి చేతిలో ఓడిపోయిందన్న మాటలో కొంత నిజం ఉన్నది గాని, మా షాపుల వాళ్ళ తప్పు కూడా రాయాలి. కొత్త రకం సైకిలు వస్తే దాన్ని బిగించడం మాకు రాదు. గేర్లు సరిచేయడం తెలియక, "ఇవన్నీ మన రోడ్లకు నిలవవమ్మా, నల్లదే తీసుకో" అని ఎంతమంది ఆడపిల్లలకు చెప్పి పంపామో లెక్కలేదు. కంపెనీ కొత్తది చేసినా అమ్మవలసినవాడు పాతదాన్నే పొగుడుతుంటే ఏమి లాభం? మద్రాసు కంపెనీవాళ్ళు 2000 తరువాత అద్దాల షోరూములు పెట్టింది మా వంటివాళ్ళను దాటిపోవడానికే అని నా అనుమానం.

రైలుకట్ట రాశారు:

ఫిట్టరు గారి నిజాయతీకి జోహారు. ఆసన్‌సోల్‌లో ఇప్పటికీ సేన్-ర్యాలీ రోడ్డు ఉంది, సోనీపత్‌లో అట్లాస్ రోడ్డు ఉంది. ఆటోవాళ్ళు రోజుకు వందసార్లు ఆ పేర్లు పిలుస్తారు.

అందరితోనూ ఒక సొంత పని ఉన్నది. మా నాన్నగారి 24 అంగుళాల ఫ్రేము గోల్డ్‌లైన్ ఇంట్లో ఉంది. తొక్కుతుంటే ఎడమ పెడలు ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమంటున్నది. ఇక్కడి షాపులో మొత్తం యాక్సిలు మార్చాలంటున్నారు. నిజమేనా?

పాత ఫిట్టరు రాశారు:

మార్చవద్దు. అది పెడలు కడ్డీని (క్రాంకును) ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను అరిగిన చప్పుడు. ఎడమ క్రాంకుకు అడ్డంగా ఉండే పిన్నును నట్టు విప్పి, క్రాంకు కింద చెక్క ఆనించి సుత్తితో ఒక్క దెబ్బతో దింపండి. పది చిన్న దెబ్బలు వేస్తే మర పాడవుతుంది. కొత్త పిన్నును ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీసి, పాతది ఎటు తిరిగి ఉన్నదో అటే ఎక్కించండి. అప్పటికీ టక్కుమంటే పెడలు బాల్స్ చూడాలి, ఫోటో పెట్టండి.